కొవ్వు కరిగించే సుద్ద

మా డైరెక్టరుగారిని ఎదురుగా అందరూ సర్ అంటారు. వెనకాల మాత్రం ఎలుకల దొర అంటారు. ఆ బిరుదు ఆయనకి ఊరికే రాలేదు. పదిహేనేళ్ల కిందట కొన్ని లావుపాటి ఎలుకలకి కాల్షియం దట్టించిన మేత పెడితే అవి సన్నబడ్డాయి. ఆ ఎలుకల ఫోటోలు పట్టుకుని ఆయన ఎక్కని విమానం లేదు, మాట్లాడని సభ లేదు. ఎలుకలకి మాత్రం ఆ యోగం పట్టలేదు. ఎంత సన్నబడ్డాయో తెలియాలంటే కొవ్వు బయటికి తీసి తూచాలి కాబట్టి, వాటి విజయాన్ని అవి చూసుకోలేకపోయాయి.

నేను అదే సంస్థలో డైటీషియన్ని. ఎవరు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా ఉద్యోగం. నా బరువు ఎనభై రెండు కిలోలు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టుకుని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. మా ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా నవ్వుకుంటూనే ఉన్నారు, నాకు అలవాటైపోయింది.

సర్ సిద్ధాంతం వినడానికి చాలా బాగుంటుంది. తిండిలో కాల్షియం తగ్గితే ఒంట్లో కరువు చాటింపు మొదలవుతుంది. ఆ చాటింపు వేసే హార్మోను ఒకటి రక్తంలో పెరుగుతుంది. దాని అసలు పని పేగుల దగ్గరా ఎముకల దగ్గరా. కానీ ఊరుకోక కొవ్వు కణాల తలుపు కూడా తడుతుంది. కొవ్వు కణం హడలిపోయి ఉన్నదాన్ని దాచుకుంటుంది, కొత్తది పోగేసుకుంటుంది, ఎవరడిగినా పిసరు బయటికి రానివ్వదు. అదే కాల్షియం సరిపడా తిన్నామనుకోండి, చాటింపు ఆగుతుంది, కణం పిడికిలి సడలిస్తుంది, కొవ్వు కరుగుతుంది. ఇది కాక కొంత కాల్షియం పేగులోనే కొవ్వుని పట్టుకుని సబ్బులా గడ్డకట్టి, ఎటు పోవాలో అటు పోతుంది. ఎలుకల్లో ఇదంతా ముచ్చటగా జరిగింది. మనుషుల్లో జరుగుతుందా అంటే, కొందరు జరిగిందన్నారు, కొందరు లేదన్నారు, ఎక్కువమంది మరింత పరిశోధన అవసరం అన్నారు. మరింత పరిశోధన అవసరం అంటే మా ఉద్యోగాలకి ఢోకా లేదని అర్థం.

ఆ మరింత పరిశోధన చేయించడానికి ఒక పాల కంపెనీ ముందుకొచ్చింది. కాల్షియం కలిపిన పాలు అమ్మాలని వాళ్ల ఆశ. కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు మంచివాడే, కాకపోతే పళ్లు దాచుకోవడం చేతకాదు. ఎవరో పోయారని చెప్పినా నవ్వుతూనే వింటాడు. మొదటి మీటింగుకే చంకలో ఒక చుట్ట పెట్టుకుని వచ్చాడు. విప్పితే పోస్టరు. పైన 'కొవ్వు కరిగించే పాలు' అని పెద్దక్షరాలు, కింద గ్లాసు, మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. పరిశోధన ఇంకా మొదలే కాలేదు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుక్కి పేరు పెట్టేశారు.

ఎనభై నాలుగు మందిని తీసుకున్నాం. ఆర్నెల్లు. అందరూ రోజూ తినేదాంట్లో కొంత తగ్గించుకోవాలి. అందులో సగం మందికి కాల్షియం మాత్రలు, మిగతా సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రలు. ఉత్తుత్తి మాత్ర అంటే సుద్ద అనుకుంటారు జనం. ఇక్కడ తమాషా ఏమిటంటే అసలు మాత్రే సుద్ద. కాల్షియం అంటే మా దగ్గర వాడేది ఆ రకమే. ఉత్తుత్తిది పిండి. ఎవరి సీసాలో సుద్ద ఉందో, ఎవరి సీసాలో పిండి ఉందో సర్‌కి తెలియదు, నాకు తెలియదు, మింగేవాళ్లకి అసలే తెలియదు. ఆ జాబితా లెక్కలాయన బీరువాలో ఉంది. లెక్కలాయనంటే మా సంస్థలో అంకెలు చూసే ఆయన. రోజుకి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో రెండు 'ఊ', 'ఊహూ'.

ఇరవై ఏడో నంబరు సీసా ఇస్త్రీ అక్కకి వచ్చింది.

మా భవనం అడుగున, పక్క ఆస్పత్రి వాళ్ల లాండ్రీ ఉంటుంది. అక్కడ ఆవిరి మిషను ముందు నిలబడి రోజుకి మూడొందల దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది ఈవిడ. పెద్ద డాక్టర్ల దగ్గర్నించి గేటు మనిషి దాకా అందరికీ ఇస్త్రీ అక్కే. యాభై ఒక్క ఏళ్లు, తొంభై నాలుగు కిలోలు. కుడి మోకాలు అరిగిపోయింది. కొంచెం తగ్గితే గాని ఆపరేషన్ మంచిది కాదని మోకాలి డాక్టరు అన్నాడట. ఎంత తగ్గాలి అని అడిగితే, ఓ పది కిలోలు అని, పక్క గదిలోంచి కుర్చీ తెమ్మన్నంత తేలిగ్గా చెప్పాడట. అందుకని వచ్చింది. సైన్సు మీద ప్రేమతో వచ్చినవాళ్లెవరూ మా ఎనభై నాలుగు మందిలో లేరు.

ప్రతివాళ్లకీ ఒక నోట్‌బుక్కు ఇచ్చాం. నోట్లోకి వెళ్లింది ఏదైనా సరే అందులో రాయాలి. నెల తిరిగేసరికి ఆ పుస్తకాలు నా టేబిలు మీద గుట్టపడ్డాయి. వాటిని నమ్మితే, మా వాలంటీర్లు లావెక్కడానికి కారణం గాలి. పొద్దున్న రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యాహ్నం కూరగాయలు, రాత్రి ఆకలి లేదు. నేను కూడా అలాగే రాసి ఉండేదాన్ని కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేదు.

ఇరవై ఏడో నంబరు పుస్తకం మాత్రం వేరు. ముత్యాల్లాంటి అక్షరాలు. మార్జిన్లో ఎర్ర సిరాతో వ్యాఖ్యానాలు. 'టీతో రెండు బిస్కట్లు' అని ఉన్నచోట పక్కన 'నాలుగు' అని దిద్దారు. 'అన్నం ఒక గిన్నె' అన్నదాని పక్కన 'ఏ గిన్నె?' అని ప్రశ్న. ఒకచోట 'మధ్యాహ్నం కేకు తినలేదు' అని రాసి, కింద ఎర్రగా, 'మూతికి అంటిన క్రీము సంగతేమిటి?' అని ఉంది.

ఇదేంటక్కా అని అడిగాను. ఇస్త్రీ అక్కకి రాత పెద్దగా అలవాటు లేదు, వేళ్లు కూడా వేడికి మొద్దుబారిపోయాయి. భర్త లారీ మీద నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది తనూ, అత్తగారూ. అత్తగారు ముప్పై ఆరేళ్లు స్కూల్లో సైన్సు చెప్పి రిటైరయిన టీచరు. కోడలు చెబుతుంటే ఆవిడ రాసి పెడుతోంది. చెప్పనిది కూడా రాసి పెడుతోంది.

నాలుగో నెల సగానికి వచ్చేసరికి ఇస్త్రీ అక్క తొమ్మిది కిలోలు తగ్గింది. మిగతావాళ్లు మూడూ నాలుగూ తగ్గి, అక్కడ ఆగి, వెనక్కి చూస్తున్నారు. ఈవిడ ఆగలేదు. కొవ్వు కొలిచే స్కాను తీస్తే పొట్ట దగ్గరి కొవ్వు అందరికంటే బాగా తగ్గింది. అంతవరకూ మూడో అంతస్తు దిగని సర్, బరువు తూచే గదిలోకి స్వయంగా రావడం మొదలుపెట్టారు. మిషను మీద ఆవిడ నిలబడితే, చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎలుకల్లో తను చూసింది సరిగ్గా ఇదేనని నాతో అన్నారు. ఈవిడ కచ్చితంగా కాల్షియం గుంపే అన్నారు. జాబితా బీరువాలో ఉంది, బీరువాకి తాళం ఉంది, కానీ సర్ మనసులో ఆ బీరువా ఎప్పుడో తెరుచుకుంది.

రెండ్రోజుల్లో మేనేజరు ఫోటోగ్రాఫరుని వెంటేసుకుని దిగాడు. ఆవిరి మిషను ముందు నిలబెట్టి, ఒక చేతిలో ఇస్త్రీపెట్టె, ఇంకో చేతిలో పాల గ్లాసు పెట్టి ఫోటోలు తీశారు. పెద్ద మిషను మీద చేసేవాళ్ల చేతిలో ఇస్త్రీపెట్టె ఎందుకో ఎవరూ అడగలేదు. ఆవిడకి పాలు పడవు. ఫోటో అయ్యాక గ్లాసు ఫోటోగ్రాఫరుకే ఇచ్చేసింది. అతను తాగేశాడు. పోస్టరు మధ్యలో ఖాళీ నిండింది.

మా పద్ధతి ప్రకారం వాలంటీర్ల ఇళ్లకి ఒక్కసారైనా వెళ్లి వంటగది చూసి రావాలి. నేను ఇస్త్రీ అక్క ఇంటికి ఒక ఆదివారం సాయంత్రం వెళ్లాను. టైర్ల షాపు మీద రెండు గదులు. మెట్ల నిండా రబ్బరు వాసన. వంటగదిలో అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, డబ్బాల మీద కాగితాలు అంటించి పేర్లు రాసి ఉన్నాయి, ఆ ముత్యాల అక్షరాలతోనే. అత్తగారు సన్నగా, నిటారుగా, కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. ఎడమ మణికట్టు కొంచెం వంకర. రెండేళ్ల కిందట బాత్రూములో జారితే విరిగి, అలా అతుక్కుందని ఆవిడే చెప్పింది. నేను కోడలితో మాట్లాడుతుండగా ఆరు గంటలయింది. ఆవిడ లేచి, అల్మరాలోంచి ఒక సీసా తీసి, మూత తిప్పి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది.

సీసా మీద నంబరు ఇరవై ఏడు.

నేను ఇస్త్రీ అక్క వైపు చూశాను. ఆవిడ ఏమాత్రం తడబడలేదు.

"రోజుకి రెండు మాత్రలు వేసుకోవాలన్నారు. సీసా ఖాళీ చేసి తెమ్మన్నారు. తెస్తున్నా కదా మేడమ్."

"నువ్వు వేసుకోవాలక్కా."

"ఇంట్లో ఎముకలు అరిగింది ఈవిడకి. కాల్షియం మాత్రలు నేను మింగి కూర్చుంటే ఏం బాగుంటుంది చెప్పండి."

మొదటి రోజు నుంచీ ఇంతేనట. ఒక్క మాత్ర కూడా తను ముట్టలేదట. మరి తొమ్మిది కిలోలు ఎలా తగ్గావని అడిగాను. ఆవిడ అత్తగారి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"పొద్దున్నుంచి ఏం తిన్నానో ఇంటికొచ్చి ఈవిడకి చెప్పాలి మేడమ్. చెప్పడం కంటే తినకపోవడమే సుఖం."

లాండ్రీలో ఎవరో ఒకరు కేకో మిఠాయో తెస్తూనే ఉంటారు, చెయ్యి సాగబోతుంది, వెంటనే ఎర్ర పెన్ను గుర్తొస్తుంది, చెయ్యి వెనక్కొస్తుంది. అదీ సంగతి. పదిహేనేళ్ల సిద్ధాంతం, ఎనభై నాలుగు మంది, లక్షల స్కాను మిషను, చివరికి కొవ్వు కరిగించింది ఒక అత్తగారు. ఆవిడని సీసాలో పెట్టి అమ్మలేరు కాబట్టి కంపెనీకి ఉపయోగం లేదు.

నవ్వొచ్చింది. నవ్వాను కూడా. అత్తగారు నాకు టీ పోస్తూ, ఈ మాత్రలు వచ్చాక తన నడుం నొప్పి చాలా తగ్గిందనీ, చెయ్యి కూడా తేలికపడిందనీ చెప్పింది. సైన్సు టీచరు కదా, తేదీలతో సహా చెప్పింది. అప్పుడు మామూలుగా అడిగాను, ఆస్పత్రిలో మీకు వేరే మాత్రలు ఇవ్వలేదా అని. ఇచ్చారట, కాల్షియమూ, ఎముకల కోసం ఇంకేదో. వాటితో కడుపులో మంటగా ఉండేదట. ఇవి వచ్చాక అవి ఆపేసిందట. రెండూ కలిపి వేసుకుంటే కిడ్నీలో రాళ్లు వస్తాయని ఎక్కడో చదివిందట.

నవ్వు అక్కడ ఆగింది. ఆ సీసాలో సుద్ద ఉండే అవకాశం ఎంతో, పిండి ఉండే అవకాశం అంతే. ఈ మాట నాకు తెలుసు, వాళ్లచేత సంతకం పెట్టించిన కాగితంలోనూ ఉంది, కానీ ఆ కాగితాలు ఎవరు చదువుతారు? పాత మాత్రలు ఆపకండి టీచరుగారూ అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. గట్టిగా మాత్రం అనలేదు. గట్టిగా అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఇస్త్రీ అక్కని స్టడీలోంచి తీసెయ్యాలి, పోస్టరు పోతుంది, సర్ నన్ను చూసే చూపు మారుతుంది. ఇవన్నీ టీ చల్లారేలోపే నా బుర్రలో తిరిగాయి. టీ తాగేశాను, నమస్కారం పెట్టాను, మెట్లు దిగాను. చాలా మర్యాదగా దిగాను.

మర్నాడు సర్‌కి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, నాకు పరిశోధన సూత్రాలు నేర్పారు. ఇలాంటి స్టడీలో ఎవరికి ఏ మాత్ర ఇచ్చామన్నదే లెక్క, ఎవరు మింగారన్నది కాదు, మింగలేదని ఒక్కొక్కరినీ తీసేసుకుంటూ పోతే మనకి నచ్చినవాళ్లే మిగులుతారు, అది మోసం అన్నారు. చెప్పిన ప్రతి మాటా నిజం. తప్పుడు పనికి సరైన సూత్రాన్ని అంత చక్కగా వాడటం నేను అంతకుముందు చూడలేదు. మరి పోస్టరు, అన్నాను. పోస్టరు కంపెనీ వ్యవహారం అన్నారు. మరి ఆ పెద్దావిడ ఎముకలు, అన్నాను. ఎనిమిది వారాల్లో ఎముకలు ఎక్కడికీ పోవన్నారు, ఆలోగా ఆ ఇంటికి మళ్లీ వెళ్లొద్దన్నారు, జాబితా తెరవకముందే ఎవరికీ ఏమీ చెప్పకూడదన్నారు.

నేను తలూపాను. ఆయన మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ వెళ్లొద్దంటే నాకు లోపల కాస్త హాయిగా అనిపించింది, ఆ సంగతి ఎవరికి చెప్పుకోను. ఎనిమిది వారాలు మింగలేక కక్కలేక తిరిగాను. తిరిగినంత మాత్రాన ఎవరి ఎముకా గట్టిపడదు.

ఆర్నెల్లూ అయిపోయాయి. జాబితా తెరిచే రోజు సర్ కొత్త కోటు వేసుకొచ్చారు. మేనేజరు అచ్చయిన పోస్టర్ల కట్ట తెచ్చి గోడకి ఆనించాడు. లెక్కలాయన వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, అందరూ కూర్చున్నారో లేదో కూడా చూడకుండా చదవడం మొదలుపెట్టాడు. కాల్షియం గుంపు సగటున నాలుగు కిలోల వంద గ్రాములు తగ్గింది. పిండి గుంపు మూడు కిలోల తొమ్మిది వందలు. ఆ రెండు వందల గ్రాములు యాదృచ్ఛికం, దాని మీద ఏమీ నిలబెట్టలేం. పొట్ట కొవ్వు తగ్గింది రెండు గుంపుల్లోనూ ఒకటే. నడుం కొలతా అంతే.

సర్ గొంతు సవరించుకుని, పోనీ ఇరవై ఏడో నంబరు సంగతేమిటి అన్నారు. గుంపు కాకపోతే గుంపులో ఒక్కరైనా తన పక్షాన నిలబడతారని ఆశ.

"పిండి," అన్నాడు లెక్కలాయన.

మేనేజరు అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు, కానీ ఆ నవ్వు మొహం మీద ఎవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా ఉంది. పోస్టర్లు వెనక్కి తిప్పి పెట్టాడు. సర్ మాత్రం అంత సులువుగా లొంగలేదు. మొదట్లో పాలూ పెరుగూ ముట్టనివాళ్లని విడిగా చూడమన్నారు. అలాంటివాళ్లు పదకొండు మంది ఉన్నారు, వాళ్లలో కాల్షియం తీసుకున్నవాళ్లు కిలో ఎక్కువ తగ్గారు. అదిగో అన్నారు సర్. లెక్కలాయన ఆ రోజు తన నాలుగు మాటల కోటా దాటేశాడు.

"ఇంకా చిన్న ముక్కలు చేస్తూ పోతే చివరికి ఒక్కరు మిగులుతారు సర్. ఆ ఒక్కరితో ఏదైనా రుజువు చెయ్యొచ్చు. దాని కింద నేను సంతకం పెట్టను."

నేను అప్పుడు నోరు తెరిచాను. ఆ పిండి ఆర్నెల్లూ తిన్నది ఇస్త్రీ అక్క కాదు, ఎముకలు బలహీనంగా ఉన్న ఒక పెద్దావిడ అనీ, దాన్ని నమ్ముకుని ఆవిడ తన మందులు మానేసిందనీ, ఈ సంగతి నాకూ సర్‌కీ ఎనిమిది వారాలుగా తెలుసనీ చెప్పాను. నాకూ అన్న మాట ముందు అన్నాను. లేకపోతే ఆ పూట నేను కూడా ఇంకో రకం పోస్టరు అయ్యుండేదాన్ని.

ఆఫీసు అవగానే టైర్ల షాపు మీదికి వెళ్లాను. అత్తాకోడళ్లిద్దరూ బట్టలు మడత పెడుతున్నారు. నిలబడే చెప్పేశాను. సీసాలో ఉన్నది కాల్షియం కాదు, పిండి అని. ఇస్త్రీ అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. పెద్దావిడ మాత్రం మడత పూర్తి చేసి, పక్కన పెట్టి, కళ్లజోడు సర్దుకుని నా వైపు చూసింది. ముప్పై ఆరేళ్లు క్లాసులో వెనక బెంచీ దాకా వెళ్లిన చూపు అది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"పిండి అని ఇవాళే తెలిసింది టీచరుగారూ. పిండి అయ్యుండొచ్చని ఆ రోజే తెలుసు."

"అయ్యుండొచ్చని తెలిసే టీ తాగి వెళ్లిపోయావు."

"అవునండీ."

ఆవిడ ఇంకో బట్ట అందుకుని మడత పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. ఇస్త్రీ అక్క తప్పంతా తనదేనని, తనే కదా ఇచ్చిందని ఏడవడం మొదలుపెట్టింది. అత్తగారు ఆవిడ భుజం మీద వంకర చెయ్యి వేసి, నువ్విచ్చావు సరే, సైన్సు టీచరునై ఉండి అందులో ఏముందో అడక్కుండా మింగింది నేను కదా అంది. తన బాధ మందులు మానేసినందుక్కూడా కాదట. నడుం నొప్పి తగ్గిందని ఇరుగూ పొరుగుకి తేదీలతో సహా చెప్పుకుందట. పిండికి తగ్గే నొప్పి కోసం ఇన్నాళ్లూ మూలిగిందా అని వాళ్లు అనుకోరా అంది. నిజంగానే తగ్గిందండీ, నమ్మకంతో తగ్గడం కూడా తగ్గడమే అన్నాను. ఆ పాఠం నేనూ చెప్పాను, ఒంటికి తగిలితే వేరేగా ఉంటుంది అంది.

కొవ్వు కొలిచే మా స్కాను మిషనే ఎముకలు కూడా కొలుస్తుంది. నిజానికి దాన్ని కనిపెట్టిందే ఎముకల కోసం. మా దగ్గరికొచ్చి కొవ్వు కొలవడం మొదలుపెట్టాక దాని పుట్టుక సంగతి అందరం మరిచిపోయాం. మర్నాడు ఆవిడ పేరు మీద కాగితం రాసి సర్ ముందు పెట్టాను. స్టడీలో లేనివాళ్లకి ఎలా తీస్తాం అన్నారు.

"మన స్టడీ మాత్రలు ఆవిడ మింగినంత క్రమంగా ఇంకెవరూ మింగలేదు సర్."

ఆయన కాగితం చదివి సంతకం పెట్టారు. స్కాను రోజున ఎవరూ పిలవకుండానే కిందికి వచ్చారు. కోటు లేదు. పెద్దావిడ బల్ల మీద పడుకుంటే, మిషను చెయ్యి నెమ్మదిగా పైనుంచి కదులుతుంటే, ఇస్త్రీ అక్క గోడకి ఆనుకుని నిలబడింది. తెర మీద నడుం పూసలు బూడిదరంగులో వచ్చాయి. కొత్తగా ఏదీ విరగలేదు. కానీ తుంటి దగ్గరా నడుం దగ్గరా ఎముక బాగా పలచబడింది. రెండేళ్ల కిందటి కాగితంతో పోలిస్తే ఇంకాస్త పలచబడింది. అందులో మా ఆర్నెల్ల వాటా ఎంత అని లెక్కలాయన్ని అడిగితే, చెప్పలేం అన్నాడు. ఆయన చెప్పలేం అన్నాడంటే నిజంగా చెప్పలేరు. నాకు ఆ జవాబుతో నిద్ర పట్టిన రోజులూ ఉన్నాయి, పట్టని రోజులూ ఉన్నాయి.

అప్పుడు సర్ ఒక స్టూలు లాక్కుని పెద్దావిడ పక్కన కూర్చున్నారు. ఎముక రాయి కాదనీ, రోజూ కొంత కరిగి కొంత కట్టుకుంటూ ఉంటుందనీ, తిండిలో రాకపోతే ఒళ్లు ఎముకలోంచే కాల్షియం తోడుకుంటుందనీ, ఒక వయసు దాటాక ఆడవాళ్లలో కట్టడం కంటే కరగడం ఎందుకు ఎక్కువవుతుందో, పాత మాత్రలతో మంట వస్తే వాటిని ఎలా మార్చుకోవచ్చో అరగంట చెప్పారు. స్లైడ్లు లేవు, ఎలుకలు లేవు. ఆయన నోట్లో తెలియదు అన్న మాట మూడుసార్లు విన్నాను. పద్దెనిమిదేళ్లలో అదే మొదలు. పెద్దావిడ మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది, రెండూ మంచివే. చివర్లో లేచి కూర్చుని చీర సర్దుకుంటూ, మీరు బాగా చెబుతారండీ, ఇంత బాగా తెలిసిన సంగతి వదిలేసి తెలియనిదాని వెంట ఇన్నేళ్లు ఎందుకు పడ్డారు అంది. సర్ ఎముకల డాక్టరుకి చీటీ తనే రాసిచ్చారు.

తర్వాత జరిగినవి పెద్ద సంగతులేం కావు. పాల కంపెనీ పోస్టర్లు వేరేవి వేయించింది. ఈసారి మధ్యలో ఎవరో సన్నపాటి అమ్మాయి, జన్మలో లావెక్కి ఎరగదు. 'కొవ్వు కరిగించే' అన్న మాట పోయి 'చురుకైన జీవితానికి' అన్న మాట వచ్చింది. దానికి రుజువు అక్కర్లేదు, చురుకు తూచే మిషను ఇంకా రాలేదు. మా స్టడీ ఫలితం ఉన్నదున్నట్టు ఒక చిన్న పత్రికలో అచ్చయింది. లెక్కలాయన సంతకం ఉంది, సర్ సంతకం ఉంది, ఇచ్చిన మాత్రలు తాము మింగనివాళ్లు కూడా ఉండొచ్చని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం నేను రాశాను. విషయం తెలిసీ రికార్డులో ఎక్కించనందుకు నాకొక మెమో వచ్చింది. అందులో ఒక్క అబద్ధం లేదు. మా సంస్థలో అలాంటి కాగితాలు అరుదు కాబట్టి దాచుకున్నాను.

ఇస్త్రీ అక్క మొత్తం మీద పదకొండు కిలోలు తగ్గి, స్టడీ అయిపోయాక రెండు కిలోలు మళ్లీ వెనక్కి తెచ్చుకుంది. మోకాలి డాక్టరు ఆ రెండింటినీ చూసీ చూడనట్టు వదిలేసి ఆపరేషన్ చేశాడు. రెండు నెలల తర్వాత ఆస్పత్రి కారిడార్లో అత్తాకోడళ్లు కనిపించారు. ఒకరిది మోకాలి చెకప్పు, ఒకరిది ఎముకల డాక్టరు దగ్గర. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వస్తున్నారు, ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం. కొత్త మందు వారానికి ఒకసారేనట, మంట లేదట.

పెద్దావిడ నన్ను పక్కన కూర్చోమంది. ఆ రోజు తర్వాత ఆవిడ నాతో మాట్లాడటం అదే మొదలు. మా పేపరు తెప్పించుకుని చదివిందట.

"అయితే చివరికి తేలిందేమిటి?"

"తిండి తగ్గించుకునేవాళ్లకి కాల్షియం మాత్రల వల్ల అదనంగా కొవ్వు తగ్గినట్టు మా స్టడీలో కనబడలేదండీ."

"అంటే ఏమీ లేదు."

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదని తెలుసుకోవడానికి ఆర్నెల్లు పట్టింది."

"సర్‌కి పదిహేనేళ్లు పట్టింది."

ఆవిడ తలూపింది. తన క్లాసులో అంతకంటే నెమ్మదిగా నేర్చుకున్నవాళ్లు కూడా ఉన్నారనీ, నేర్చుకున్నాక వాళ్లే బాగా గుర్తు పెట్టుకున్నారనీ అంది. అది సర్ గురించి అన్నదో, నా గురించి అన్నదో అడుగుదామనుకున్నాను. ఈలోగా లోపల్నుంచి ఎముకల డాక్టరు పిలిచాడు, ఇస్త్రీ అక్క లేవబోతూ చెయ్యి చాపింది, నేను పట్టుకున్నాను.